ఫ్రాన్స్ కొండదారుల్లో సైకిల్ యాత్ర: ల పుయి నుంచి సేవెన్ కొండల మీదుగా నీమ్ దాకా

ఫ్రాన్స్‌లో సైకిలు మీద తిరగాలనుకునేవారు ముందుగా అడిగేది రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కవచ్చని. కొండల్లో ఆ ప్రశ్నతో పని జరగదు. రోజుకు ఎన్ని మీటర్లు ఎక్కగలరన్నదే అసలు లెక్క. చదునైన రోడ్డు మీద వంద కిలోమీటర్లు అలవోకగా తొక్కే మనిషి, సంచులు కట్టిన సైకిలుతో నలభై కిలోమీటర్ల కొండదారి పూర్తిచేసేసరికి నీరసించిపోవచ్చు. ఈ లెక్క ఇంట్లోనే సరిచూసుకుంటే బస, తిండి, రైలు టికెట్లు అన్నీ దాని వెంటే కుదురుతాయి.

ఉదాహరణకు నాకు బాగా ఇష్టమైన ఒక దారిని తీసుకుని అంచెలంచెలుగా చెబుతాను. ఫ్రాన్స్ నడిమధ్యన, కాస్త దక్షిణానికి, మాసిఫ్ సాంత్రాల్ అనే పాత పర్వత ప్రాంతం ఉంది. అక్కడి ల పుయి-ఆన్-వెలే పట్టణంలో బయలుదేరి, లొజేర్ కొండను దాటి, సేవెన్ కొండల శిఖరపు దారి మీదుగా దక్షిణాన అలెస్, నీమ్ నగరాల వైపు దిగే దారి ఇది. అలెస్ దాకా సుమారు 250 కిలోమీటర్లు. ఆల్ప్స్‌తో పోలిస్తే ఎత్తు తక్కువ, వాహనాలు తక్కువ, ఖర్చు కూడా తక్కువే. అగ్నిపర్వతాల నల్లరాయితో మొదలై, గ్రానైట్ బండల మీదుగా, సున్నపురాతి పీఠభూమి దాటి, చివరకు చెస్ట్‌నట్ అడవుల్లోకి, ఆలివ్ తోటల్లోకి దింపుతుంది. ఆరు రోజుల్లో ఇంతగా నేల మారే దారులు అరుదు. తొలిసారి కొండయాత్రకు వెళ్లేవారికి ఆల్ప్స్ కంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం.

ముందు ఎత్తు లెక్క

మీ దారిని రైడ్ విత్ జీపీఎస్, కొమూట్ వంటి ఏదైనా యాప్‌లో గీయండి. రోజు మొత్తానికి ఎక్కవలసిన ఎత్తు ఎంతో అది చూపిస్తుంది. తర్వాత ఈ లెక్క వేయండి: ప్రతి 15 కిలోమీటర్లకు ఒక గంట, దానికి అదనంగా ప్రతి 400 మీటర్ల ఎక్కుడుకు ఒక గంట. పది, పన్నెండు కిలోల సామానుతో, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి ఇది సరిపోయే అంచనా. 45 కిలోమీటర్ల దారిలో 1,000 మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలు, రెండున్నర గంటలు కలిపి ఐదున్నర గంటల తొక్కుడు. భోజనం, విరామాలు, ఫొటోలు కలిపితే ఎనిమిది గంటలు. మొదటి రోజు అంతకు మించి పెట్టుకోవద్దు.

ఏటవాలును శాతాల్లో చెబుతారు. 5 శాతం అంటే కిలోమీటరు దూరానికి 50 మీటర్ల ఎత్తు. సామానుతో 4, 5 శాతం ఎక్కుడు మాట్లాడుకుంటూ తొక్కవచ్చు. 7 శాతం దగ్గర మాటలు ఆగిపోతాయి. 10 దాటితే దిగి నడిపించుకుంటూ వెళ్లడంలో తప్పేమీ లేదు. మిషెలిన్ రోడ్డు పటంలో రోడ్డు మీద చిన్న బాణాలు కనిపిస్తాయి: ఒక బాణం ఉంటే 5 నుంచి 9 శాతం, రెండు ఉంటే 9 నుంచి 13, మూడు ఉంటే అంతకు మించి. పటంలో తెల్లగానో పసుపుపచ్చగానో గీసిన, డి అక్షరంతో మొదలయ్యే రోడ్లను ఎంచుకోండి. ఎర్రగా గీసినవి, ముఖ్యంగా ఎన్ అక్షరంతో మొదలయ్యేవి లారీల దారులు. ల పుయి నుంచి దక్షిణానికి వెళ్లే ఎన్ 88 దగ్గరి దారిలా కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లకండి.

ఇక్కడే సాధన చేయాలంటే మన దగ్గర మంచి చోట్లున్నాయి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, అంటే మన ఏనుగు మల్లమ్మ కొండ, 1,265 మీటర్ల ఎత్తు. సంచులు కట్టుకుని తెల్లవారుజామునే దాన్ని ఎక్కి చూడండి. హైదరాబాద్ వారికి వికారాబాద్ అనంతగిరి కొండలు, విశాఖ వారికి అరకు ఘాట్ రోడ్డు ఉన్నాయి. ఖాళీ సైకిలుతో చేసిన సాధన సగమే లెక్క. అసలు యాత్రలో తీసుకెళ్లే బరువుతోనే తొక్కాలి.

గేర్లు, టైర్లు, బరువు

కొండయాత్రను గెలిపించేది గేర్లే. పెడల్ దగ్గరి చిన్న పళ్లచక్రంలో ఎన్ని పళ్లున్నాయో, వెనక చక్రం మీది పెద్ద పళ్లచక్రంలో కనీసం అన్ని పళ్లుండాలి. ముందు 34, వెనక 34 ఉంటే నిమిషానికి అరవై తొక్కుళ్లతో గంటకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల వేగం వస్తుంది. 6 శాతం ఎక్కుడులో సామానుతో మీకు కావలసిన వేగం అదే. ముందు 30, వెనక 36 ఉంటే ఇంకా హాయి. రోడ్డు సైకిళ్ల మీద తరచూ కనిపించే 34, 28 జతతో బయలుదేరితే మోకాళ్లు మొరాయిస్తాయి. సైకిలు దుకాణంలో వెనక పళ్లచక్రాల గుత్తిని మార్పించుకోవడం పెద్ద ఖర్చు కాదు, కాకపోతే గేరు మార్చే యంత్రం అంత పెద్ద చక్రాన్ని పట్టగలదో లేదో మెకానిక్‌తో చూపించుకోవాలి.

గేర్లు మార్చుకునే ఈ కళ కొండదారుల్లో పదునెక్కింది ఫ్రాన్స్‌లోనే, అదీ మన దారికి దగ్గర్లోనే. ల పుయికి ఉత్తరంగా ఉన్న సేంత్ ఎతియెన్ నగరంలో పాల్ ద వివీ అనే ఆయన ఉండేవారు. 1853లో పుట్టి 1930లో మరణించిన ఆయనను అందరూ వెలోసియో అని పిలిచేవారు. సైకిలు పోటీలు ఒకే గేరుతో సాగుతున్న కాలంలో, కొండలెక్కాలంటే గేర్లు మారాలని పట్టుబట్టి ప్రయోగాలు చేశారు, పత్రిక నడిపారు. ఆయన శాకాహారి. ఆకలి వేయకముందే తినమన్నారు, దాహం వేయకముందే తాగమన్నారు, గొప్ప కోసం తొక్కవద్దన్నారు. ఈ మూడు మాటలూ హ్యాండిల్ మీద రాసుకోదగినవి. ఆయన ఎక్కుతూ వచ్చిన రిపబ్లిక్ కనుమ, 1,161 మీటర్లు, సేంత్ ఎతియెన్ దాటగానే ఉంటుంది. 1903లో జరిగిన మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ కూడా దాని మీదుగానే వెళ్లింది. ఒక రోజు ఎక్కువ ఉన్నవారు యాత్రకు ముందు దాన్ని ఎక్కి రావచ్చు.

టైర్లు 32 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పువి చాలు. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకోండి. రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, గాలిపంపు, చైను కోసే పనిముట్టు, చైను కలిపే ఒక లింకు, రెండు అదనపు పుల్లలు పెట్టుకోండి. ల పుయి వదిలితే అలెస్ వచ్చేదాకా పెద్ద సైకిలు దుకాణం దొరుకుతుందన్న భరోసా లేదు.

బట్టలు రెండు జతలు చాలు. ఒకటి తొక్కడానికి, ఒకటి సాయంత్రానికి. గాలిని ఆపే పల్చని జాకెట్, వేళ్లు మూసే చేతి తొడుగులు మాత్రం ఎండాకాలమైనా వదలకూడదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే వేడి ఆరు, ఏడు డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు మంచునీళ్లలా వీపుకు అంటుకుంటుంది.

ఎప్పుడు వెళ్లాలి

మే రెండో సగం నుంచి జూన్ చివరిదాకా, లేదంటే సెప్టెంబర్ మొదటి సగం. జూన్‌లో కొండల మీద పసుపుపచ్చని జెనే పూలు విరగబూస్తాయి. గొర్రెల మందలు పల్లపు ప్రాంతాల నుంచి మేత కోసం పైకి నడిచి వచ్చే కాలం కూడా అదే. రోడ్డు మీద మంద ఎదురైతే సైకిలు దిగి పక్కన నిలబడండి. తెల్లని పెద్ద కాపలా కుక్క దగ్గరికి వస్తే పరుగెత్తకండి, కేకలు వేయకండి. సైకిలును మీకూ దానికీ మధ్య అడ్డుపెట్టి నెమ్మదిగా నడుచుకుంటూ మంద దాటండి. సైకిలు తొక్కుకుంటూ పోయేవాడినే అది తరుముతుంది.

జులై, ఆగస్టుల్లో ఎండ, రద్దీ రెండూ ఎక్కువే. సెప్టెంబర్ మధ్య నుంచి మరో ప్రమాదం మొదలవుతుంది. మధ్యధరా సముద్రం మీది వెచ్చని తేమగాలి సేవెన్ కొండలకు తగిలి, కొన్ని గంటల్లోనే కుండపోతగా కురుస్తుంది. వాగులు చూస్తుండగానే పొంగుతాయి. ఫ్రాన్స్ వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలు ఇస్తుంది. నారింజ, ఎరుపు రంగులు ఉన్న రోజు కదలకండి, వాగు ఒడ్డున గుడారం వేయకండి. శరత్కాలంలో వేట కూడా సాగుతుంది కాబట్టి దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా తప్పనిసరి.

ల పుయి చేరడం

భారత్ నుంచి వచ్చేవారికి షెంజెన్ వీసా, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెట్టెలో సైకిలు సర్దేటప్పుడు ఎడమ పెడల్ మర ఎదురు దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోండి. లైట్ల బ్యాటరీలు చేతిసంచిలో పెట్టుకోవాలి. విమానంలో సైకిలు తేవడం భారం అనుకుంటే అద్దెకు తీసుకోవచ్చు. అప్పుడు పైన చెప్పిన గేర్ల లెక్కను అద్దె దుకాణాన్ని ముందే రాతపూర్వకంగా అడగండి. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటున్న, పని చేస్తున్న తెలుగువారికి సొంత సైకిలుతో రైల్లో రావడమే సుఖం.

లియోన్ నుంచి సేంత్ ఎతియెన్ మీదుగా ల పుయికి ప్రాంతీయ రైళ్లున్నాయి. చివరి భాగంలో రైలు లొయార్ నది లోయ వెంట వెళుతుంది, కిటికీ పక్కన కూర్చోండి. ప్రాంతీయ రైళ్లలో సైకిలును అలాగే ఎక్కించవచ్చు. కొన్ని మార్గాల్లో, కొన్ని నెలల్లో ముందుగా చోటు బుక్ చేసుకోమంటారు. వేగంగా వెళ్లే టీజీవీ రైళ్లలో కొన్నింటిలోనే సైకిలుకు చోటుంటుంది, దానికి విడిగా టికెట్ తీసుకోవాలి. మిగతా వాటిలో చక్రాలు విప్పి సంచిలో పెట్టాల్సిందే.

ల పుయి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకు కాలినడకన వెళ్లే యాత్రికుల దారి ఒకటి మొదలవుతుంది. అందుకే మే, జూన్, సెప్టెంబర్ నెలల్లో అక్కడ గదులు ముందే నిండిపోతాయి. మొదటి రాత్రి బస ఖాయం చేసుకున్నాకే రైలు టికెట్ కొనండి. సూదిలా నిలిచిన అగ్నిపర్వతపు రాతి మీద పదో శతాబ్దపు చర్చి ఒకటి ఉంది. 268 మెట్లు ఎక్కితే మీరు మర్నాడు వెళ్లబోయే కొండలు కనిపిస్తాయి.

రొట్టె, నీళ్లు, గంటలు

కొండదారి ఎంత ముఖ్యమో, పల్లెటూళ్ల దుకాణాల వేళలూ అంతే ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండున్నరకు చాలా దుకాణాలు మూసేస్తారు, మళ్లీ మూడు దాటాకే తెరుస్తారు. హోటళ్లలో భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే. ఒకటిన్నర తర్వాత వెళితే వంట అయిపోయిందనే మాటే వినిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఊరంతా మూత, సోమవారం కూడా చాలాచోట్ల రొట్టెల దుకాణం తెరవరు. మే నెలలో సెలవులు ఎక్కువ. అందుకని ఒక పూట తిండి ఎప్పుడూ సంచిలో ఉండాలి. దుకాణంలో అడుగుపెట్టగానే "బోంజూర్" అనండి. అది అనకుండా ఏదైనా అడిగితే అక్కడివారికి మొరటుగా అనిపిస్తుంది.

శాకాహారులు ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. ల పుయి ఆకుపచ్చ పప్పు దేశమంతటా పేరున్నది, మన పెసలంత చిన్నగా, ఉడికినా చెదరకుండా ఉంటుంది. కానీ దాన్ని చాలాసార్లు పంది మాంసంతో వండుతారు. బంగాళాదుంపల వంటల్లో, సలాడ్లలో కూడా లార్దాన్ అనే చిన్న మాంసం ముక్కలు వేస్తారు. "సాన్ వియాండ్, సాన్ లార్దాన్" అని ముందే చెప్పండి. మాంసం వద్దు, ఆ ముక్కలూ వద్దు అని దానర్థం. చేప తినకపోతే "సాన్ ప్వాసాన్" కూడా కలపండి. బంగాళాదుంపలో తాజా జున్ను కలిపి తీగలా సాగే దాకా చిలికే అలిగో, ఆమ్లెట్, మేకపాల జున్ను వేసిన సలాడ్ తేలిగ్గా దొరుకుతాయి. అయితే ఆ జున్నులను చాలావరకు దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, పట్టింపు ఉన్నవారు తెలుసుకోవాలి. దారిలో శక్తి కోసం ఖరీదైన జెల్‌లు కొనకండి. పక్కనున్న ఆర్దేష్ జిల్లాలో 1885 నుంచి చేస్తున్న చెస్ట్‌నట్ తీపి ముద్ద ట్యూబుల్లో దొరుకుతుంది. కనుమ ఎక్కే ముందు దాన్ని రొట్టె మీద పిండుకుని తినండి.

నీళ్ల సంగతి. ప్రతి ఊరి శ్మశానంలోనూ పూలకు నీళ్లు పోయడానికి ఒక కుళాయి ఉంటుంది. ఫ్రాన్స్‌లో సైకిలు యాత్రికులందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. చర్చి పక్కనో, ఊరి చివరనో సైప్రస్ చెట్లు, గోడ కనిపిస్తే అదే. ఇనుప గేటు నెమ్మదిగా తోసి లోపలికి వెళ్లండి, కుళాయి తరచూ గేటు పక్కనే, పూలకు వాడే ప్లాస్టిక్ చెంబుల వరుస దగ్గర ఉంటుంది. కుళాయి మీద "నాన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగవద్దు. ఎవరైనా సమాధి దగ్గర ఉంటే తలవంచి పలకరించి, చప్పుడు చేయకుండా వచ్చేయండి.

దారి, రోజువారీగా

మొదటి రోజు: ల పుయి నుంచి ల మొనాస్తియే, గూదే మీదుగా ల బూషే-సాన్-నికొలా. సుమారు 45 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు. ఊరు దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. మొదటి గంట కావాలనే నెమ్మదిగా తొక్కండి, కాళ్లు తేలిగ్గా ఉన్నాయని వేగం పెంచితే మధ్యాహ్నం అనుభవిస్తారు. గూదే దగ్గర లొయార్ నది ఎదురవుతుంది. ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన ఆ నది, ఇక్కడికి దగ్గర్లోనే జెర్బియే ద జోం కొండ కింద పుట్టి, ఈ లోయలో ఇంకా వాగులాగే ఉంటుంది. కొండ మీద పాడుబడిన కోట కింద వంతెన దగ్గర భోజనం చేయండి. అక్కడి నుంచి ఒకే పెద్ద ఎక్కుడు. బూషే ఊరి పక్కనే అగ్నిపర్వతపు నోటిలో ఏర్పడిన, దాదాపు గుండ్రంగా ఉన్న సరస్సు ఉంది, 1,200 మీటర్ల ఎత్తున. ఓపిక మిగిలితే సాయంత్రం అక్కడికి వెళ్లండి.

రెండో రోజు: ప్రాదెల్, లాంగోన్ మీదుగా లా బాస్తీద్-ప్వీలోరాన్. ఉదయమంతా దాదాపు దిగుడే. లాంగోన్‌లో పెద్ద దుకాణాలున్నాయి, రెండు రోజుల సరుకులు కొనుక్కోండి. తర్వాత అలియే నది వెంట మెల్లగా ఎక్కే రోడ్డు. నది, రోడ్డు, క్లెర్మోన్-ఫెరాన్ నుంచి నీమ్ వెళ్లే రైలు పట్టాలు ముగ్గురు తోబుట్టువుల్లా పక్కపక్కనే సాగుతాయి. లాంగోన్‌లోనూ లా బాస్తీద్‌లోనూ స్టేషన్లున్నాయి. ఒంట్లో బాగాలేకపోయినా, వాన పట్టుకున్నా ఇక్కడ రైలెక్కి అలెస్‌లో దిగవచ్చు. రైళ్లు రోజుకు కొన్నే కాబట్టి వేళలు ముందే ఫోనులో దాచుకోండి.

మూడో రోజు చిన్నది. షాసెరాడేస్, బెల్వెజే ఊళ్ల మీదుగా గూలే కొండను దాటి ల బ్లేమార్. ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా. మధ్యాహ్నానికే చేరి బట్టలు ఉతుక్కోండి, చైను తుడిచి నూనె వేయండి, త్వరగా పడుకోండి.

నాలుగో రోజు ఈ యాత్రకు గుండె. ల బ్లేమార్ సుమారు 1,070 మీటర్ల ఎత్తున ఉంది. డి 20 రోడ్డు మీద ఫినియెల్ కనుమ 1,541 మీటర్లు. అంటే ఎక్కవలసింది 470 మీటర్లే, సగటున 4 శాతం. ఎండెక్కకముందే బయలుదేరండి. మొదట పైన్ అడవి, తర్వాత మంచు ఆటల కేంద్రం, అక్కడి నుంచి చెట్లు తగ్గిపోయి గడ్డి, గ్రానైట్ బండలు. ఈ కొండ మీద పాతకాలపు రాతి స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. మంచు కప్పేసినప్పుడు బాటసారులకు దారి తెలియడానికి పాతినవి అవి. చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో మంచు తుపాను వేళ దారితప్పినవారి కోసం మోగించే గంట గోపురాలు కూడా ఉన్నాయి. ఇలాంటి ఏర్పాట్లు చేసుకున్న కొండను ఎండలో చూసి తక్కువ అంచనా వేయకండి. కనుమ మీద గాలి హోరుమంటుంటే ఎక్కువసేపు నిలబడవద్దు. ముందు జాకెట్ వేసుకోండి, తర్వాతే ఫొటో.

దిగుడు ఎక్కుడు కంటే జాగ్రత్త కోరుతుంది. పన్నెండు కిలోమీటర్లలోపే 650 మీటర్లు దిగుతారు. బ్రేకు ఆపకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ముగానీ డిస్కుగానీ కాలిపోయేంత వేడెక్కుతుంది. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. బయటివైపు పెడల్ కిందికి, బరువు దాని మీద, చూపు మలుపు చివరన. "గ్రావియోన్" అన్న బోర్డు కనిపిస్తే రోడ్డు మీద కొత్తగా కంకర చల్లారని అర్థం. అక్కడ నడక వేగానికి దిగిపోండి.

కింద పోం ద మోంవేర్. తార్న్ నది మీద గడియారపు గోపురంతో ఒక పాత రాతి వంతెన, నదిలో నునుపుతేలిన బండలు. ఎండాకాలమైతే ఆ బండల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టండి, మోకాళ్లకు అంతకంటే మంచి మందు లేదు. ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన శాసనాన్ని 1685లో పద్నాలుగో లూయీ రద్దు చేశాక, ఈ కొండల్లోని ప్రొటెస్టంట్ రైతులు, నేతగాళ్లు హింసలు పడ్డారు. 1702 జులైలో ఇదే ఊళ్లో, వారిని వేధించిన క్యాథలిక్ మతాధికారి హత్యతో, కామిజార్లు అని పేరుపడిన ఈ ప్రొటెస్టంట్ల తిరుగుబాటు మొదలైంది. ఇక్కడి నుంచి నది వెంట ఇరవై కిలోమీటర్లు దిగితే ఫ్లోరాక్. 1970లో ఏర్పడిన సేవెన్ జాతీయ వనం కార్యాలయం అక్కడి కోటలోనే ఉంది. వనం నడిభాగంలో నిప్పు రాజేయడం నిషేధం, గుడారం ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. ఊరి క్యాంపింగ్ మైదానాల్లో దిగండి. 2018 నుంచి ఈ ప్రాంతానికి చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా అంతర్జాతీయ గుర్తింపు ఉంది. రాత్రి పదకొండుకు ఒక్కసారి బయటికి వచ్చి తలెత్తి చూడండి, పాలపుంత చేతికి అందేలా ఉంటుంది.

ఐదో రోజు: సేవెన్ కార్నిష్ అనే శిఖరపు దారి, డి 9, సాన్ జాన్ దు గార్ దాకా యాభై కిలోమీటర్లకు పైగా. తిరుగుబాటును అణచడానికి రాజు సైన్యాలు తిరిగేలా బాగుచేసిన దారి ఇది. ఫ్లోరాక్ 550 మీటర్ల దగ్గర ఉంటే ఫయిస్ కనుమ 1,026 మీటర్లు. ఎక్కుడంతా మొదట్లోనే. పైన సున్నపురాతి పీఠభూమి మీద నీడ ఉండదు, నీళ్లు ఉండవు. మూడు లీటర్లు నింపుకున్నాకే ఫ్లోరాక్ వదలండి. ఆ తర్వాత రోడ్డు రెండు లోయల మధ్య వెన్నుపూస మీద నడుస్తుంది, ఎడమన ఒక లోయ, కుడిన ఒక లోయ. పోంపిదూ ఊళ్లో భోజనం. చివరి సాన్ పియేర్ కనుమ నుంచి దిగుతుంటే గాలిలో వేడి, కీచురాళ్ల రొద మొదలవుతాయి. ఉత్తరం వదిలి దక్షిణంలోకి వచ్చినట్టు ఒంటికే తెలుస్తుంది.

ఆరో రోజు సుఖంగా సాగుతుంది. ఆంద్యూజ్ మీదుగా అలెస్ ముప్పై కిలోమీటర్ల లోపే. ఈ లోయల్లో పాత ఇళ్లకు పైన పొడవాటి గదులు కనిపిస్తాయి, పట్టుపురుగులు పెంచిన గదులు అవి. రోడ్డు పక్కన మిగిలిన మల్బరీ చెట్లు చూస్తే హిందూపురం, మదనపల్లె వైపు వారికి సొంతూరు గుర్తుకు రాకమానదు. పట్టుపురుగులకు తెగులు సోకి ఇక్కడి రైతులు కుదేలైనప్పుడు లూయీ పాశ్చర్ 1865లో అలెస్‌కు వచ్చి, కొన్నేళ్లపాటు పరిశోధించి, ఆరోగ్యమైన గుడ్లను వేరు చేసే పద్ధతిని కనిపెట్టారు.

రోడ్డు నియమాలు

కుడివైపున నడవాలి. ఉదయం బయలుదేరేటప్పుడు, భోజనం ముగించి ఖాళీ రోడ్డు ఎక్కేటప్పుడు పాత అలవాటు ఎడమకు లాగుతుంది. హ్యాండిల్ మీద కుడివైపు ఒక రంగు పట్టీ అంటించుకోండి. ఊళ్లలో బోర్డు లేని కూడళ్ల దగ్గర కుడినుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి, అది చిన్న సందైనా సరే. చీకట్లో, పొగమంచులో ఊరి బయట మెరిసే జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. గంట, లైట్లు ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం నిషేధం. హెల్మెట్ పన్నెండేళ్ల లోపు పిల్లలకే తప్పనిసరి అయినా, ఈ దిగుళ్లలో అది లేకుండా వెళ్లడాన్ని నేను ఒప్పుకోను. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. లోయల్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి పటాలు ముందే ఫోనులోకి దించుకోండి. రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద రోడ్డు సంఖ్య ఉంటుంది, సహాయం కోరేటప్పుడు అది చెబితే మీ చోటు వారికి వెంటనే దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం

అలెస్ నుంచి నీమ్‌కు ప్రాంతీయ రైలు ఉంది. ఒక రోజు మిగిలితే సైకిలు మీదే ఉజెస్ పట్టణం మీదుగా రోమన్లు కట్టిన పోన్ దు గార్ నీటి వంతెనకు వెళ్లండి, దాదాపు 49 మీటర్ల ఎత్తున మూడు వరుసల కమానులతో నిలబడి ఉంటుంది. నీమ్ నుంచి ప్యారిస్‌కు టీజీవీలో సుమారు మూడు గంటలు. సైకిలు చోటున్న బండ్లు వేసవిలో త్వరగా నిండిపోతాయి. అందుకే ఆ టికెట్‌ను యాత్ర మొదలుపెట్టే ముందే, చివరి రోజుకు ఒక రోజు అదనంగా వదిలి కొనండి. విమానానికి పెట్టె కావాలంటే నీమ్‌లోనో ప్యారిస్‌లోనో సైకిలు దుకాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేయండి, కొత్త సైకిళ్లు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చాలామంది ఉచితంగానే తీసిపెడతారు.